బొటనవేలి గుంట

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. అందరూ అసలాయన అంటారు. ఏ ఇనపముక్క చేతికిచ్చినా, చివరికి భార్య కొత్తగా కొన్న మూకుడు చూపించినా, ఆయన నోట వచ్చే మొదటి మాట "ఇది అసలుదేనా?" అని. నలభై ఏళ్ళుగా పాత స్పోర్ట్స్ కార్ల స్టీరింగులు తప్ప మరొకటి బాగుచెయ్యలేదు. ఇంజను సంగతి ఎవరైనా అడిగితే "నాకు తెలియదు, పక్క వీధిలో అడగండి" అంటాడు. అది వినయం అనుకుంటే పొరపాటే. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, స్టీరింగు చెడితే మనిషే ఆగిపోతాడు అని ఆయన లెక్క. ఆ లెక్కన ఇంజను మేస్త్రీలంతా తనకంటే ఒక మెట్టు కిందివాళ్ళని ఆయనకు గట్టి నమ్మకం.

ఆయన పనితనం చూడాలంటే షెడ్డుకు వెళ్ళాల్సిందే. పొడుగాటి బల్ల, బల్ల మీద పాత దుప్పటి, దుప్పటి మీద విప్పిన భాగాలు వరసగా ఉంటాయి. ముందు కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతాడు. కంపెనీవాళ్ళు అచ్చులో పోసిన స్టీరింగు బాక్సు మీద అంకెల అంచులు వేలికి గుచ్చుకుంటాయి. బయట పోసిన దాని మీద అవే అంకెలు, నాలుగు స్నానాలయ్యాక సబ్బు మీద మిగిలిన పేరులా మొద్దుబారి ఉంటాయి. తర్వాత వెర్నియర్ కొలబద్ద తీసి కొలుస్తాడు. అసలుదాన్నే అచ్చుగా పెట్టి ఇంకోటి పోస్తే, లోహం చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది కాబట్టి, నకలు వెంట్రుకవాసి చిన్నదవుతుంది. "ఎంత మొనగాడు పోసినా సరే, నకలు అసలుకంటే తగ్గే పుడుతుంది" అని ఆయన అంటుంటే, వచ్చినవాళ్ళు ఏదో వేదాంతం విన్నట్టు తలలూపుతారు. ఆయనకు అది వేదాంతం కాదు, వెర్నియర్ మీద కనబడే గీత. ఆ తర్వాత బోల్టు తల మీద గుర్తు, జాయింటు కింద గ్రీజు ఎక్కించే రంధ్రం, నట్టు మీద ఫ్యాక్టరీలో పరీక్షించినవాడు పెట్టిన పసుపు రంగు చుక్క, ఇవన్నీ ఒక్కొక్కటే చూసి తీర్పు చెప్తాడు. ఆ తీర్పుకు తిరుగులేదు.

షెడ్డు గుమ్మం పక్కన గోడకు ఒక పెద్ద మేకుంది. ఆయన గురువు కొట్టిన మేకు అది. షెడ్డుతో పాటు ఆ మేకునూ, దాని నియమాన్నీ కూడా గురువు ఆయనకు అప్పజెప్పి పోయాడు. పని చేస్తుండగా ఎవరి చేతిలో ఏ భాగం విరిగినా, చీటీ మీద వాళ్ళ పేరు రాసి దాన్ని ఆ మేకుకు తగిలించాలి. బండి యజమాని వచ్చి, చూసి, తన నోటితో "చూశాను" అన్నాకే దించాలి. తిడితే పడాలి, బండి తోలుకుపోయినా పడాలి. "విరగ్గొట్టడం చేతి తప్పురా, దాచడం మనిషి తప్పు" అనేవాడు గురువు. ఆ మేకుకు గురువు పేరే పదకొండుసార్లు వేలాడిందట. అసలాయన పేరు నాలుగుసార్లు వేలాడింది. ఐదోసారి కూడా వేలాడాల్సింది గానీ వేలాడలేదు, ఈ కథంతా దాని గురించే.

ఒక మంగళవారం పొద్దున పళ్ళ డాక్టరమ్మ తన ముదురాకుపచ్చ బండి వేసుకుని షెడ్డుకు వచ్చింది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు ఉన్న బండి అది. ఆవిడ తండ్రిది. ఆయన గడియారాల కొట్టు నడుపుకుంటూ, తాహతుకు మించిన బండి కొనుక్కుని, బతికినంతకాలం దానికి చాకిరీ చేసిన మనిషి. ఆయన పోయినప్పటి నుంచి, అంటే ఇరవై ఆరేళ్ళుగా, డాక్టరమ్మ ఏటా ఒకసారి స్టీరింగు చూపించుకోవడానికి ఇక్కడికే వస్తోంది. ఈసారి పక్క సీట్లో కూతురు కూడా ఉంది.

"మేస్త్రీగారూ, బండి ఇక మా అమ్మాయికి ఇచ్చేస్తున్నానండీ. దానికి లైసెన్సు వచ్చింది. ఇచ్చేముందు సంఘం పుస్తకంలోకి ఎక్కిద్దామని," అంటూ డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది.

పాత కార్ల సంఘంవాళ్ళ దగ్గర ఒక పుస్తకం ఉంది. బండిలో ఏ భాగం మొదటి నుంచి ఉన్నదో, ఏది తర్వాత వేసిందో, ఎవరు ఎప్పుడు వేశారో అందులో రాసి పెడతారు. స్టీరింగు కాగితం మీద అసలాయన సంతకం ఉంటే సంఘంవాళ్ళు మారు మాట్లాడరు.

"నేను ఎవరి నోరైనా తెరవగానే కట్టుడు పన్ను ఏదో చెప్పేస్తాను. ఇనుము దగ్గరికొచ్చేసరికి మాత్రం మీరెంత చెప్తే అంతే," అని నవ్వింది డాక్టరమ్మ.

అసలాయన కూడా నవ్వి, టార్చీ తీసుకుని బండి ముందుభాగం కిందికి దూరాడు. వీపు కింద పరుచుకున్న గోనెపట్టా, ముఖం మీదకు రాలే మట్టి, ఇవంటే ఆయనకు ఇష్టం. స్టీరింగు బాక్సు అసలుది. అడ్డకడ్డీ అసలుది. జాయింట్లు రెండూ తనే మార్చినవి, ఏ ఏడు మార్చాడో కూడా గుర్తుంది. అంతలో పైనుంచి డాక్టరమ్మ గొంతు వినబడింది. కూతుర్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి ఏదో చూపిస్తోంది.

"ఎడమచెయ్యి. అక్కడ కాదు, కాస్త పైకి. ఆ, అదిగో, గుంటలా తగిలిందా? మీ తాతయ్య బొటనవేలు అక్కడే ఉండేది. ముప్ఫై ఏళ్ళు అలా పట్టుకుని పట్టుకుని చెక్క అరిగిపోయింది. ఎప్పుడైనా బండిలో భయమేస్తే అక్కడ వేలు పెట్టుకో, తాతయ్య పట్టుకున్నట్టే ఉంటుంది."

"భలే ఉందమ్మా. నా వేలు కూడా సరిపోయింది," అంది ఆ అమ్మాయి.

కింద అసలాయన చేతిలోంచి స్పానరు జారి ఛాతీ మీద పడింది. తేలు కుట్టిన దొంగలా అలాగే పడుకుని కాసేపు బండి అడుగుభాగం చూస్తూ ఉండిపోయాడు. తర్వాత బయటికి వచ్చి, "రేపు సాయంత్రానికి రాసి ఉంచుతానమ్మా, బండి వదిలి వెళ్ళండి," అన్నాడు. వాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

కాగితం మీద తొమ్మిది గడులున్నాయి. ఆరు గడులు ఆయన గుక్కతిప్పుకోకుండా నింపాడు. ఏడో గడి స్టీరింగు చక్రం. అసలుదా, మార్చినదా? మార్చినదైతే ఎవరు మార్చారు? కలం అక్కడ ఆగింది.

ఇరవై ఆరేళ్ళ కిందట డాక్టరమ్మ ఇంకా చదువుకుంటున్న పిల్ల. తండ్రి పోయి మూడు నెలలైంది. బండి ఎడమపక్కకు లాగేస్తోందని తీసుకొచ్చి, వెళ్ళేముందు స్టీరింగు మీద ఒకచోట చెయ్యి వేసి చెప్పింది. "ఎక్కడ ఏం చేసినా ఫర్వాలేదండీ. ఇక్కడ మాత్రం తుడవకండి, పాలిష్ పెట్టకండి. నాన్న వేలు ఇక్కడుండేది." అసలాయన చూశాడు. అల్యూమినియం ఆకులకు చుట్టూ రివెట్లతో బిగించిన చెక్క వలయం, ఎడమవైపు పైన బొటనవేలంత నునుపైన గుంట. "నా ప్రాణం పెట్టి చూసుకుంటానమ్మా," అన్నాడు. ఆ మాట ఎవరూ అడగలేదు, తనే అన్నాడు.

స్టీరింగు చక్రం కిందున్న కడ్డీ మీద సన్నటి పళ్ళుంటాయి. ఏళ్ళ తరబడి చక్రం ఆ పళ్ళకు కరుచుకుపోతుంది. దాన్ని లాగడానికి పుల్లర్ కావాలి. ఆ రోజు పుల్లర్‌ను పక్క వీధి మేస్త్రీ అడిగి పట్టుకెళ్ళాడు, సాయంత్రానికి తెస్తానన్నాడు. ఆగితే సరిపోయేది. ఆ పూట తనను ఎవరూ తొందరపెట్టలేదన్న సంగతి అసలాయన ఎన్నోసార్లు తిరగేసి చూసుకున్నాడు, ఎక్కడైనా ఒక సాకు దొరుకుతుందేమోనని. ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేకపోలేదు, వేరే బండి వచ్చి నిలబడలేదు. వట్టి పొగరు. చేతిలో చెక్కసుత్తి ఉంది, చేతికి పేరుంది, ఇంకేం. మోకాళ్ళతో చక్రాన్ని పైకి తన్నిపెట్టి వెనక నుంచి కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకు టప్‌మంది.

సరిగ్గా ఆ గుంట దగ్గరే విరిగింది. విరగదూ మరి, ముప్ఫై ఏళ్ళు ఒక వేలు అరగదీసిన చోటు, చెక్క పలచబడింది అక్కడే. గుంట రెండు ముక్కలై, కొంత పెచ్చులుగా లేచిపోయి, కొంత ఒళ్ళో రాలింది.

ఆ క్షణాన మేకు ఆయనకు ఎదురుగానే ఉంది. మూడు అడుగులు వేస్తే అందేది. చీటీ రాయడానికి పెన్సిలు కూడా జేబులోనే ఉంది. అప్పటికి ఆయన భయపడింది తిట్లకు కాదు. ఆ పిల్ల తిట్టే రకం కాదు, ఏడ్చే రకం. ఆ ఏడుపు చూడలేననుకున్నాడు. దాన్ని దయ అనుకున్నాడు కూడా. తర్వాత ఏళ్ళలో మాత్రం దాన్ని దయ అని ఎప్పుడూ అనుకోలేదు.

కొత్త వలయానికి చెక్క ఎక్కడెక్కడో వెతికితే చివరికి ఇంట్లోనే దొరికింది. పెళ్ళయిన కొత్తలో కొన్న బీరువా, దాని ఎడమ తలుపు అచ్చం ఆ రంగే, ఆ వయసే. "తలుపుకు చెద పట్టింది" అని భార్యకు చెప్పి ఊడదీశాడు. కోసి, పొరలు పొరలుగా అతికించి, గుండ్రంగా చెక్కి, టీ కషాయంతో రంగు పట్టించి, పాత ఆకుల మీదే పాత రివెట్లతో బిగించాడు. తలుపుకున్న పాత మేకు రంధ్రం ఒకటి వలయంలోకి వచ్చింది. దాన్ని చిన్న చెక్కబిళ్ళతో పూడ్చి, ఆకు వెనక్కి వచ్చేట్టు తిప్పాడు. ఇదంతా పది రోజుల పని. గుంట ఒక్కటే మూడు రోజులు పట్టింది. విరిగిన ముక్కల్లో లోతు సరిగ్గా తెలియలేదు. తన బొటనవేలికే గరుకు కాగితం చుట్టుకుని, ఆ చోట పెట్టి రుద్దాడు, రుద్దాడు, గడియారాలాయన ముప్ఫై ఏళ్ళు చేసిన పనిని మూడు రోజుల్లో చేశాడు.

డాక్టరమ్మ వచ్చి సీట్లో కూర్చుంది. వేలు పెట్టింది. కళ్ళు మూసుకుంది. అసలాయన గోడకు జేరబడి చూస్తున్నాడు. ఇప్పుడు కనిపెడితే బాగుండు అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"ముట్టుకోలేదు మీరు. చాలా థాంక్సండీ," అంది ఆ పిల్ల. ఆమె చెంపల మీద నీళ్ళు.

ఆ తర్వాత ఏటా అనుకునేవాడు, ఈసారి చెప్పేస్తానని. ఒక ఏడు ఆవిడ పెళ్ళి కబురుతో వచ్చింది, శుభమా అని ఎలా చెప్పడం అనుకున్నాడు. ఒక ఏడు నెలల బిడ్డతో వచ్చింది. ఒక ఏడు ఊరికే హుషారుగా ఉంది. చెప్పకుండా ఉండటానికి మంచిరోజు కాని రోజు ఏదీ లేదు. మధ్యలో ఒక ఏడు, ఎవరూ లేనప్పుడు, విరిగిన వలయాన్ని పాత తువ్వాలులోంచి తీసి, దాచిన పెచ్చులన్నీ ఒక్కటి వదలకుండా అతికించాడు. అతికించాక చూస్తే అసలు గుంట లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. కాస్త వాలుగా ఉంది. తను చేసింది దానికంటే లోతుగా, వేలికి హాయిగా ఉంది. నకలు తగ్గే పుడుతుందని నలభై ఏళ్ళు చెప్పిన మనిషి, ఈ ఒక్క నకలుకు మాత్రం అసలుకంటే ఎక్కువ పెట్టాడు. వలయాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టి రేకుపెట్టె అడుగున పెట్టేశాడు.

ఇంతవరకూ అయితే ఒకరికి చేసిన తప్పు. రెండోది కూడా ఉంది.

అప్పట్లో బావమరిది ఆ షెడ్డులోనే పనిచేసేవాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, మాటకారి, చెయ్యి కాస్త తొందర. వలయం విరిగిన ఆరేళ్ళకు, అతను ఒక స్టీరింగు బాక్సు మూతను ఎక్కువ బిగించి పగలగొట్టాడు. భయపడి బయట పోసిన మూత తెచ్చి బిగించి ఊరుకున్నాడు. అసలాయన వెర్నియర్ పెట్టాడు. వెంట్రుకవాసి చిన్నది. ఇక చూడాలి ఆయన్ని. అందరి ముందూ మేకు చూపించి, గురువు మాట అప్పజెప్పి, "విరగ్గొట్టడం చేతి తప్పు, దాచడం మనిషి తప్పు. నాకు అలాంటి మనిషి వద్దు," అని పంపించేశాడు. తను ఆ మాట అంటుంటే లోపల ఎవరో ముఖం తిప్పుకున్నట్టయింది ఆయనకు. అయినా అన్నాడు. పైగా గట్టిగా అన్నాడు, ఆ లోపలివాడికి వినబడకూడదని. బావమరిది మూడు వీధులవతల టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా అక్కగారి గడప తొక్కలేదు. ఆవిడే వెళ్ళి చూసి వస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం అసలాయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. ఎదురుగా ఒక తలుపు, ఒక కర్టెన్ ఉన్న బీరువా.

"ఏవండీ, అన్నం కలపడమేనా, తినేదేమైనా ఉందా?" అంది భార్య.

"ఆ తలుపుకు చెద పట్టలేదు," అన్నాడు.

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. ఆయన చెప్పాడు. సుత్తి దెబ్బ నుంచి పొద్దున విన్న మాటదాకా, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. అంతా అయ్యాక ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి, "తలుపు సంగతి వదిలెయ్యండి. ఇరవై ఆరేళ్ళు కర్టెన్ ఉతుక్కుంటున్నాను, ఇంకో ఇరవై ఉతుకుతాను. నా తమ్ముణ్ణి ఏ నోటితో పంపించారు మీరు?" అంది.

ఆయన కంచం పక్కకు జరిపాడు.

"అమ్మ మనింట్లో పోయినప్పుడు కూడా వాడు గేటు బయటే నిలబడ్డాడు. నేను వాడిదే తప్పనుకున్నాను. మీ వైపు మాట్లాడాను," అంది. అని లేచి వెళ్ళి, కర్టెన్ ఉన్న వైపు నుంచి ఏదో బట్ట తీసి, మళ్ళీ లోపల పెట్టింది. కాసేపటికి వచ్చి, ముఖం చూడకుండానే, "ఆవిడకు చెప్పాక వాడికి కూడా చెప్పండి. నేను చెప్పను. మీరే వెళ్ళి చెప్పండి," అంది.

మర్నాడు సాయంత్రం డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది. కాగితం బల్ల మీద ఉంది. ఆవిడ నిలబడే చదువుతూ, ఏడో గడి దగ్గర ఆగింది. అక్కడ ఇలా ఉంది: స్టీరింగు చక్రం, ఆకులు అసలువి. చెక్క వలయం మార్చినది. మార్చినవారు నేను. యజమానికి చెప్పకుండా.

"ఇదేమిటండీ? వేరే బండిది ఇందులో రాశారా?"

"కాదమ్మా. మీ బండిదే."

ఆయన బండి తలుపు తీసి, టార్చీ వేసి, ఆకు వెనకనున్న చెక్కబిళ్ళ చూపించాడు. "ఇది మా బీరువా తలుపు. ఇది దాని మేకు రంధ్రం." తర్వాత ఏం జరిగిందో చెప్పాడు. ముందు రోజు భార్యకు చెప్పేటప్పుడు మాటలు దొర్లాయి, ఇక్కడ ఒక్కొక్కటే ఊడిపడ్డాయి. చెప్తున్నంతసేపూ ఆవిడ ఆయన కుడిచెయ్యే చూస్తోంది.

"అయితే ఆ గుంట?" అంది.

"నేను చేసిందే."

"దేనితో?"

ఆయన బొటనవేలు చూపించాడు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. షెడ్డు బయట ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్నారు, అది అంటుకోవడం లేదు.

"నా పెళ్ళి రోజు పొద్దున ఈ బండిలో వెళ్ళి కూర్చున్నాను. అక్కడ వేలు పెట్టి నాన్నతో చెప్పుకున్నాను. పాప పుట్టబోయే ముందు కూడా," అంది. కోపంగా అనలేదు. రోగి చెప్పిన బాధను చీటీ మీద రాసుకునేటట్టు, ఒకటి తర్వాత ఒకటి చెప్పింది. "నిన్న మా అమ్మాయికి చూపించాను. అది రాత్రంతా మా ఆయనకు చెప్పింది, తాతయ్య వేలు తగిలిందని. ఇప్పుడు దానికేం చెప్పమంటారు? ఆ వేలు ఎవరిదని చెప్పను?"

"నాదని చెప్పండమ్మా."

"విరిగిందని ఆ రోజే చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని. ఏడ్చి, ఆ ముక్కలు పట్టుకుపోయేదాన్ని. అంతే కదండీ?"

"అంతేనమ్మా. అంతకంటే ఏమీ అయ్యేది కాదు." ఈ మాట అనడమే ఆయనకు అన్నిటికంటే కష్టమైంది.

ఆయన రేకుపెట్టెలోంచి తువ్వాలు మూట తెచ్చి బల్ల మీద విప్పాడు. అతుకులన్నీ కనబడుతున్న చెక్క వలయం. ఆవిడ దాన్ని రెండు చేతులతో తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి బొటనవేలు గుంట మీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. వేలు అటూ ఇటూ జరిపి చూసింది. పక్కకు తిరిగి కళ్ళు మూసుకుని మళ్ళీ పెట్టింది.

"తెలియడం లేదు," అంది. "ఇది కాదేమో అనిపిస్తోంది. ఇరవై ఆరేళ్ళు నా వేలు మీరు చేసిన దానికే అలవాటుపడింది. అసలుదే నాకు కట్టుడులా ఉంది." వలయాన్ని బల్ల మీద పెట్టేసింది. "విరగ్గొట్టింది చెక్కే అనుకుంటున్నారు మీరు. నా చేతిలో నాన్నను కూడా మార్చేశారండీ."

ఇరవై ఆరేళ్ళు అసలాయన దాచానని అనుకున్నది ఒక నిజాన్ని. ఆ నిజం పెట్టెలో భద్రంగా ఉంది, తీసి ఇచ్చేస్తే ఎవరి సొత్తు వాళ్ళకు చేరుతుందని ఎక్కడో ఒక చిన్న ఆశ కూడా ఉంది. ఇప్పుడు ఇచ్చినా చేరడం లేదు. "క్షమించండి" అనబోయాడు, ఆ మాట ఇంత పెద్ద దానికి చాలదనిపించి ఊరుకున్నాడు.

డాక్టరమ్మ లేచి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి గోడ మీది మేకు దగ్గర ఆగింది. ఏళ్ళుగా వస్తున్న మనిషి, దాని నియమం ఆవిడకూ తెలుసు.

"దాన్ని దీనికి తగిలించండి."

"అలాగేనమ్మా. మీరు చూశారు కాబట్టి, ఒక పూట ఉంచి..."

"నేనింకా చూడలేదు," అంది డాక్టరమ్మ. "చూసినప్పుడు చెప్తాను."

ఆవిడ ఆ నకిలీ చక్రమే తిప్పుకుంటూ బండి వెనక్కి తీసింది. బొటనవేలు ఆ గుంటలో పెట్టలేదు. మిగతా నాలుగు వేళ్ళతోనే పట్టుకుంది. వీధి మలుపు తిరిగేదాకా అసలాయన చూశాడు. తర్వాత చీటీ మీద తన పేరు రాశాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరే రాశాడు. దారం కట్టి తగిలించాడు.

బావమరిది దగ్గరికి మరుసటి రోజే వెళ్ళాడు. టైర్ల దొంతర పక్కన నిలబడి చెప్పాల్సింది చెప్పాడు. బావమరిది గాలి గొట్టం పట్టుకునే విన్నాడు. విని, "ఇరవై ఏళ్ళుగా టైర్లు మారుస్తున్నాను బావా. ఇక్కడికొచ్చి అసలుదేనా అని ఎవడూ అడగడు. ఉన్నది అరిగిపోయిందా, ఇంకోటి వెయ్యి, అంతే. ప్రాణానికి హాయిగా ఉంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. టీ కూడా తెప్పించాడు. ఇంటికి రమ్మంటే మాత్రం, "చూద్దాంలే," అన్నాడు. నెల తర్వాత ఒకరోజు అటుగా పోతూ షెడ్డు గుమ్మంలో ఆగి, మేకు మీది చీటీ చదివి, లోపలికి రాకుండానే వెళ్ళాడు. అసలాయన బల్ల దగ్గర నుంచి చూశాడు గానీ, పిలవడానికి నోరు రాలేదు.

డాక్టరమ్మ ఇప్పుడు మంగళవారాలు వస్తుంది. బండిలో కాదు, నడిచి. ఆస్పత్రి తెరిచేముందు పావుగంట వీలుంటుందట. ఆయనను పలకరించదు. మేకుకు వేలాడుతున్న వలయం దగ్గర నిలబడి, ఎడమచేతి బొటనవేలు అసలు గుంట మీద పెట్టి, కళ్ళు మూసుకుంటుంది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఒక్కోసారి వేలు కాస్త వాలుగా తిప్పి చూస్తుంది. తర్వాత కళ్ళు తెరిచి, "ఇంకా చూడలేదండీ," అని చెప్పి వెళ్ళిపోతుంది.

ఆ మాటకు ఆయన తలూపుతాడు. ఇప్పుడెవరైనా ముక్క చేతికిస్తే, అసలుదేనా అని అడగడం తగ్గించాడు. వెర్నియర్ పెట్టి, కొలిచి, అంకె చెప్పి ఊరుకుంటాడు. షెడ్డు ఊడ్చిన ప్రతి రోజూ మేకు మీది వలయానికి దుమ్ము దులుపుతాడు. కుంచెతోనే దులుపుతాడు. ఆ గుంట మీద తన వేలు పడకుండా చూసుకుంటాడు.